బార్‌కోడ్ పని ఇక డిజైనర్‌తో అయిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

2027 ఆఖరుకల్లా దుకాణాల బిల్లింగ్ కౌంటర్లు పాత గీతల బార్‌కోడ్‌తో పాటు చదరంగా ఉండే 2డీ కోడ్‌ను కూడా చదవగలగాలని బార్‌కోడ్ ప్రమాణాలు రూపొందించే జీఎస్1 సంస్థ ప్రపంచవ్యాప్తంగా లక్ష్యం పెట్టుకుంది. వ్యాపార పేజీల్లో ఈ సంగతి వచ్చినప్పుడల్లా ‘ఫోన్‌తో స్కాన్ చేస్తే సరుకు పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుస్తాయి’ అన్న మాటే కనిపిస్తోంది తప్ప, ఫ్యాక్టరీ లోపల ఏం మారాలో ఎవరూ రాయడం లేదు. దాంతో కారం, పసుపు, మసాలాలు, పచ్చళ్లు ప్యాక్ చేసే చిన్న, మధ్యతరహా యూనిట్లలో ఈ పని డిజైనర్‌కు ఫోన్ చేసి ‘వెనకవైపు ఒక క్యూఆర్ పెట్టేయండి’ అనడంతో మొదలై అక్కడే ముగుస్తోంది. ప్యాకింగ్ లైన్ల మీద కోడింగ్ యంత్రాలు చూసుకునే మేము ఆ వెలితి కొంత పూడ్చుదామని ఈ ఉత్తరం రాస్తున్నాం. ఉదాహరణకు 100 గ్రాముల కారం పౌచ్‌ను తీసుకుంటున్నాం. బిస్కట్‌కైనా సబ్బుకైనా లెక్క పెద్దగా మారదు.

ముందుగా రెండు అపోహలు తీరిపోవాలి. 2027 అన్నది ఏ ప్రభుత్వమూ పెట్టిన గడువు కాదు, దాటితే జరిమానా లేదు. ఆ ఏడాదితో పాత గీతల కోడ్ (ఈఏఎన్-13) రద్దూ కాదు. లేజర్ స్కానర్ గీతలనే చదవగలదు, 2డీ కోడ్ చదవాలంటే కెమెరాతో పనిచేసే ఇమేజర్ స్కానర్ ఉండాలి. మన ఊళ్లలో ఎన్నో కొట్లలో ఇంకా లేజర్ స్కానర్లే ఉన్నాయి కాబట్టి 890తో మొదలయ్యే పాత కోడ్ ప్యాకెట్ మీద ఇంకా కొన్నేళ్లు ఉండాల్సిందే. రెండు కోడ్‌లూ పక్కపక్కనే ఉండాలి, రెండింటిలోనూ ఒకే జీటిన్ (సరుకును గుర్తించే జీఎస్1 నంబరు) ఉండాలి. కొత్త కోడ్ వచ్చింది కదా అని పాతదాన్ని తీసేసిన ప్యాకెట్ కిరాణా కొట్టులో బిల్లు కాకుండా తిరిగొస్తుంది.

అసలు మార్పు వేరే చోట ఉంది. పాత కోడ్‌లో ఉన్నది 13 అంకెల జీటిన్ ఒక్కటే. ఈ రోజు ప్యాకెట్‌కైనా ఆరు నెలల తర్వాతి ప్యాకెట్‌కైనా అదే నంబరు. అందుకే దాన్ని గ్రావ్యూర్ సిలిండర్ (ఫిల్మ్ మీద అచ్చు వేసే చెక్కుడు రోలర్) మీద చెక్కించి, పౌచ్‌లు చేసే ల్యామినేట్ ఫిల్మ్ రోల్‌తో పాటే అచ్చు వేయిస్తున్నాం. 2డీ కోడ్‌లో జీటిన్‌తో పాటు బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ కూడా పెట్టొచ్చు. గడువు దాటిన ప్యాకెట్‌ను కౌంటర్ తనంతట తానే ఆపగలగడం, ఒక బ్యాచ్‌లో తేడా వస్తే ఆ ఒక్క బ్యాచ్‌నే వెనక్కి తెప్పించగలగడం వీటివల్లే. కానీ బ్యాచ్ రోజూ మారుతుంది. రోజూ మారేది సిలిండర్ మీద చెక్కడం కుదరదు, ప్యాకింగ్ లైన్ మీదే అచ్చు కావాలి. ఇంతకాలం అచ్చు ప్రెస్ వాడు చూసుకున్న బార్‌కోడ్ నాణ్యత ఇకమీదట రాత్రి షిఫ్ట్‌లో పౌచ్ మెషిన్ దగ్గర నిలబడే ఆపరేటర్ బాధ్యత అవుతుంది. యజమానులు ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే.

జీటిన్ మాత్రమే ఉన్న క్యూఆర్‌ను సిలిండర్ మీదే వేయించి ఊరుకోవచ్చా? వేయించొచ్చు. కొనేవాళ్ల ఫోన్‌కు అది పనికొస్తుంది. కౌంటర్‌కు మాత్రం పాత కోడ్ చెప్పినదానికంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పదు. మొదటి మెట్టుగా అది తప్పు కాదు కానీ, దాన్ని చూపించి ‘మేం 2డీకి సిద్ధం’ అనుకోవడం మాత్రం సరికాదు.

బ్యాచ్, ఎక్స్‌పైరీ పెట్టాలనుకున్నాక ఏ కోడ్ అన్నది తేల్చుకోవాలి. దారులు రెండు. మొదటిది జీఎస్1 డేటామ్యాట్రిక్స్. ఇందులో ప్రతి సమాచారం ముందూ దాని గుర్తు అంకెలు ఉంటాయి. 01 అంటే జీటిన్, 17 అంటే ఎక్స్‌పైరీ, 10 అంటే బ్యాచ్. రెండోది జీఎస్1 డిజిటల్ లింక్ ఉన్న క్యూఆర్. ఇందులో ఇవే గుర్తులు ఒక వెబ్ చిరునామాలో ఇమిడి ఉంటాయి. కొనేవాళ్ల ఫోన్ దాన్ని పేజీగా తెరుస్తుంది, కౌంటర్ ఇంటర్నెట్ లేకుండానే అందులోంచి జీటిన్‌ను విడదీసుకుంటుంది. పరిమాణంలో మాత్రం రెండింటికీ చాలా తేడా. జీటిన్, ఎక్స్‌పైరీ, ఒక అక్షరం ఐదు అంకెలుండే బ్యాచ్ కలిపి, ఒక్కో వైపు 18 గడులు (కోడ్‌లోని చిన్న చదరాలు) ఉండే డేటామ్యాట్రిక్స్‌లో సరిగ్గా పట్టేస్తాయి. అదే సమాచారం, పది అక్షరాల డొమైన్ పేరుతో, డిజిటల్ లింక్‌గా రాస్తే 56 అక్షరాలవుతుంది. కోడ్ కొంత చెరిగినా చదవగలిగేలా చేసే దోష సవరణను మధ్యస్థ స్థాయిలో పెడితే దానికి 33 గడుల క్యూఆర్ కావాలి. డొమైన్ పేరు ఇంకో పది అక్షరాలు పొడవైతే 37 గడులకు పెరుగుతుంది. అంటే కంపెనీ పూర్తి పేరుతో ముచ్చటపడి కొన్న డొమైన్‌కు ప్రతి ప్యాకెట్ మీదా స్థలం రూపంలో అద్దె కట్టాల్సి వస్తుంది. చిన్న పేరు కొనండి.

గడి సైజు కూడా మన ఇష్టం కాదు. దుకాణం కౌంటర్‌లో చదివే 2డీ కోడ్‌కు ఒక్కో గడి కనీసం 0.396 మి.మీ. ఉండాలి. పౌచ్ మెషిన్ల మీద వాడే, రిబ్బన్ మీది సిరాను వేడితో ఫిల్మ్‌కు అంటించే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్లు ఎక్కువగా 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే ఒక్కో చుక్క 0.085 మి.మీ. వెడల్పు. 0.396 కావాలంటే నాలుగు చుక్కలు చాలవు, నాలుగున్నర చుక్కలంటూ ఉండవు. ఐదు చుక్కలు పెట్టాలి, గడి 0.423 మి.మీ. అవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో కోడ్‌ను బొమ్మలా మూలపట్టి లాగి సైజు మార్చితే కొన్ని గడులు నాలుగు చుక్కలు, కొన్ని ఐదు చుక్కలుగా పడతాయి. కంటికి బాగానే కనిపిస్తుంది, ఫోన్ కూడా చదువుతుంది, అచ్చు నాణ్యతకు గ్రేడ్ ఇచ్చే వెరిఫయర్ యంత్రం దగ్గర మాత్రం గ్రేడ్ పడిపోతుంది. గడికి ఎన్ని చుక్కలో ప్రింటర్ సెట్టింగులో పూర్ణాంకంగా ఇవ్వడమే దీనికి మందు. అలా ఇస్తే 33 గడుల క్యూఆర్ 14 మి.మీ. వస్తుంది. చుట్టూ నాలుగేసి గడుల ఖాళీ వదలాలి కనుక మొత్తం 17.4 మి.మీ. డేటామ్యాట్రిక్స్‌కు చుట్టూ ఒక్క గడి ఖాళీ చాలు, మొత్తం 8.5 మి.మీ.లో సర్దుకుంటుంది. అయితే మామూలు ఫోన్ కెమెరా యాప్‌లు క్యూఆర్‌ను తెరిచినంత తేలిగ్గా డేటామ్యాట్రిక్స్‌ను తెరవవు. అందుకే తినే సరుకులకు క్యూఆర్ వైపే మొగ్గు ఎక్కువ. పది రూపాయల సాషేకు మాత్రం డేటామ్యాట్రిక్సే నయమని మా అభిప్రాయం.

ఇప్పుడున్న ప్రింటర్ పనికొస్తుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ప్యాకెట్ మీద బ్యాచ్, తేదీ చుక్కచుక్కలుగా ఊదే ఇంక్‌జెట్ మీ దగ్గర ఉంటే, సూటిగా చెప్పాలంటే, పనికిరాదు. అది 2డీ కోడ్ వేయగలదని కేటలాగులో ఉంటుంది, వేస్తుంది కూడా. కానీ చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ, లైన్ వేగానికి పక్కకు జరిగే చుక్కలు, మెరిసే ఫిల్మ్ మీద వ్యాపించే సిరా అన్నీ కలిసి కౌంటర్ స్థాయి నాణ్యత రానివ్వవు. ఫిల్మ్‌కు థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్ సరైనది. అట్టపెట్టెలకు కార్ట్రిడ్జ్‌తో నడిచే థర్మల్ ఇంక్‌జెట్ బాగుంటుంది కానీ అందులో ఒక చిక్కుంది. ఒక కార్ట్రిడ్జ్ అచ్చు వేయగల ఎత్తు 12.7 మి.మీ. మాత్రమే. 33 గడుల క్యూఆర్‌ను కనీస గడి సైజులో వేసినా 13 మి.మీ. దాటుతుంది. రెండు కార్ట్రిడ్జ్‌లు జతచేస్తే అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా కోడ్ మధ్యలో గీత పడుతుంది. కాబట్టి అట్టపెట్టె మీద డేటామ్యాట్రిక్స్‌కు వెళ్లడమో, సమాచారం తగ్గించి 29 గడుల క్యూఆర్‌లో ఇరికించడమో, ఒకే హెడ్‌తో ఎక్కువ ఎత్తు వేసే యంత్రం కొనడమో ఆర్డర్ ఇచ్చేముందే తేల్చుకోవాలి. అట్టపెట్టె మీద వార్నిష్ ఉంటే ఆ కార్ట్రిడ్జ్‌ల్లోని నీటి సిరా సరిగా ఆరదు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. కోడ్ పడే చోట వార్నిష్ వేయవద్దని ప్రెస్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. లేజర్‌తో నల్ల పట్టీని కాల్చి కోడ్ వేసేవాళ్లు నలుపు తెలుపులు తారుమారై అచ్చయ్యే సంగతి గుర్తుంచుకుని సెట్టింగులో తిరగేయాలి. తిరగబడ్డ క్యూఆర్‌ను అన్ని స్కానర్లూ చదవవు.

రంగు విషయంలో గుంటూరు కారానికి ప్రత్యేకంగా ఒక బెడద ఉంది. కోడ్ నాణ్యత కొలిచే వెరిఫయర్ 660 నానోమీటర్ల ఎరుపు కాంతి వాడుతుంది, చాలా స్కానర్ల వెలుగూ ఎరుపే. ఎరుపు కాంతిలో ఎరుపు రంగు తెల్లగా కనిపిస్తుంది. తెల్ల పౌచ్ మీద ఎర్ర సిరాతో అందంగా వేయించిన కోడ్ యంత్రానికి కనబడనే కనబడదు. తెల్ల పట్టీ మీద నల్ల కోడ్ ఒక్కటే నమ్మదగినది. మెటలైజ్డ్ ఫిల్మ్ అద్దంలా మెరుస్తుంది కాబట్టి ఆ పట్టీకి తెల్ల సిరా పలచగా కాకుండా దట్టంగా పడాలి. పట్టీ సైజు కోడ్ సైజుకు సరిపోతే చాలదు. ఐ మార్క్‌ను (ఫిల్మ్ మీద సెన్సర్ గుర్తుపట్టే అచ్చు గుర్తును) బట్టి ప్రింటర్ కోడ్ వేసినా, ఫిల్మ్ అటూ ఇటూ రెండు మూడు మిల్లీమీటర్లు జరుగుతూనే ఉంటుంది. 17.4 మి.మీ. కోడ్‌కు 25 మి.మీ. పట్టీ ఇస్తే నిశ్చింత. వెనక సీలు నుంచి కనీసం ఒక సెంటీమీటరు దూరం పెట్టండి, మడతల మీద, పైకింద సీలు పళ్ల దగ్గర అసలు వద్దు. దోష సవరణ ఉంది కదా అని ధీమా పనికిరాదు. మధ్యలో కొన్ని గడులు పోతే అది పూరించుకుంటుంది కానీ, క్యూఆర్ మూడు మూలల్లో ఉండే చదరపు గుర్తులు చెడితే అక్కడ కోడ్ ఉందన్న సంగతే స్కానర్‌కు తెలియదు.

ప్రింటర్‌ను ఫిల్మ్ దారిలో, పౌచ్ ఆకారం తీసుకునే కాలర్‌కు ముందు బిగిస్తారు. కారం యూనిట్లలో గాల్లో తేలే పొడి ఆ ఫిల్మ్ మీద పడి, దానిమీద రిబ్బన్ నొక్కుకుని, పొడి ఉన్నచోట సిరా అంటకుండా తెల్ల మచ్చలు మిగులుతాయి. ఇంతకుముందు తేదీలో ఒక అంకె సగం చెరిగినా మనిషి చదువుకునేవాడు, ఇప్పుడు అదే మచ్చ గ్రేడ్‌ను తినేస్తుంది. ప్రింటర్‌కు ముందు ఫిల్మ్‌ను తుడిచే బ్రష్, చిన్న సక్షన్ పెట్టండి. రిబ్బన్ మార్చిన ప్రతిసారీ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. హెడ్‌లో ఒక చుక్క కాలిపోతే కోడ్ పొడవునా సన్నని తెల్ల గీత వస్తుంది. ఐదు చుక్కల గడిలో ఒకటి పోతే నెట్టుకురావచ్చు, పక్కపక్క చుక్కలు రెండు పోతే హెడ్ మార్చాల్సిందే. ప్రింటర్‌లోనే హెడ్ చుక్కల పరీక్ష ఉంటే షిఫ్ట్ మొదట్లో ఒకసారి నడపండి. ఫిల్మ్ లాగే చక్రం జారినా, ఫిల్మ్ కదలికను కొలిచే ఎన్‌కోడర్ చక్రం రబ్బరు అరిగినా కోడ్ నిలువునా సాగుతుంది లేదా కుంచించుకుపోతుంది. చతురస్రం దీర్ఘచతురస్రం అయిందంటే తప్పు ప్రింటర్‌ది కాదు, అక్కడ వెతకాలి.

ఖర్చు లెక్కలో చాలామంది మరిచేది రిబ్బన్. 600 మీటర్ల రోల్ మీద ఒక్కో అచ్చుకు 10 మి.మీ. రిబ్బన్ కదిలితే 60 వేల ప్యాకెట్లు వస్తాయి. నిమిషానికి 60 ప్యాకెట్ల లెక్కన అది రెండు షిఫ్ట్‌లు దాటి వచ్చేది. క్యూఆర్‌కు 15 మి.మీ. కావాలనుకుంటే 40 వేలకు తగ్గుతుంది, రెండో షిఫ్ట్ మధ్యలో మెషిన్ ఆపి రోల్ మార్చాలి. బ్యాచ్, తేదీ, ఎమ్మార్పీ అక్షరాలను కోడ్ కింద పేర్చి 25 మి.మీ. చేశారా, 24 వేలు, ఒక్క షిఫ్ట్‌కే చాలదు. అక్షరాలను కోడ్ కింద కాక పక్కన పెట్టించండి. డిజైన్‌లో ఈ ఒక్క జాగ్రత్తతో రిబ్బన్ బిల్లు దాదాపు నలభై శాతం తగ్గుతుంది. అన్నట్టు, ఆ అక్షరాలు మానేయడానికి వీల్లేదు. కోడ్‌లో ఎక్స్‌పైరీ ఉన్నంత మాత్రాన ఆహార భద్రత నిబంధనలు, తూనికలు కొలతల నిబంధనలు అడిగిన వివరాలు కంటికి కనబడకుండా పోకూడదు.

ఇక సమాచారం సంగతి. యంత్రాలకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే దొర్లుతాయి. చాలా యూనిట్లలో బ్యాచ్ నంబర్లు ‘జీటీ/24/బి-117’ తరహాలో వాలు గీతలతో ఉంటాయి. వెబ్ చిరునామాలో వాలు గీత అంటే ఒక భాగం అయిపోయిందని అర్థం. దాన్ని యథాతథంగా పెడితే బ్యాచ్ సగంలో తెగిపోతుంది. నియమం ప్రకారం మార్చి రాస్తే ఒక్కో గీత మూడు అక్షరాలవుతుంది, కోడ్ పెద్దదవుతుంది. 2డీకి వెళ్లే ముందే ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు, అంకెలు మాత్రమే ఉండేలా, ఆరేడు అక్షరాలు మించకుండా బ్యాచ్ పద్ధతి మార్చుకోండి. నియమం 20 అక్షరాల దాకా ఒప్పుకుంటుంది, కానీ ఒప్పుకుంది కదా అని వాడేసుకోనక్కర్లేదు.

డేటామ్యాట్రిక్స్‌లో వరుస కూడా ముఖ్యమే. జీటిన్‌కూ ఎక్స్‌పైరీకీ ఇన్ని అంకెలని లెక్క ఉంది, బ్యాచ్‌కు లేదు. అందుకని బ్యాచ్‌ను చివర పెట్టాలి. మధ్యలో పెడితే అది ఎక్కడ ముగిసిందో చెప్పే ప్రత్యేక విభజన అక్షరం వేయాలి. అది లేకపోతే ‘కె27114’ అన్న బ్యాచ్ తర్వాత వచ్చే 17, ఆ తర్వాతి తేదీ కూడా బ్యాచ్‌లో భాగమే అనుకుని స్కానర్ ‘కె2711417270531’ అని చదువుతుంది. విభజన అక్షరం వేసినా, కీబోర్డ్‌లా పనిచేసేలా అమర్చిన స్కానర్లు కొన్ని కంటికి కనబడని ఆ అక్షరాన్ని మింగేసి కంప్యూటర్‌కు పంపుతాయి. చివర పెడితే ఈ గొడవే ఉండదు. 13 అంకెల జీటిన్‌కు ముందు సున్నా చేర్చి 14 చేయాలి, చివరనుండే చెక్ డిజిట్ (నంబరును సరిచూసే అంకె) మారదు. 8901234567890 అన్నది 08901234567890 అవుతుంది, అంతే. ఈ నంబర్లను ఎక్సెల్‌లో ఉంచుకునేవాళ్లు ఆ గడులను టెక్స్ట్‌గా మార్చుకోకపోతే ముందున్న సున్నా మాయమవుతుంది.

జీటిన్లు సక్రమంగా ఉన్నాయా అన్నది ముందే చూసుకోవాలి. పండక్కి ‘20 గ్రాములు అదనం’ అని బరువు పెంచి పాత నంబరే వాడితే అది తప్పు. నికర బరువు మారితే జీటిన్ మారాలి. ఆపేసిన సరుకు నంబరును కొత్త సరుకుకు ఇవ్వడం కూడా కుదరదు, 2018 చివరి నుంచి జీఎస్1 నియమాలు దాన్ని ఒప్పుకోవు. జీఎస్1 ఇండియా నడిపే డేటాకార్ట్ అనే సరుకుల వివరాల నిధిలో మీ సరుకుల పేరు, బరువు, ఫొటో ప్యాకెట్ మీద ఉన్నట్టే ఉన్నాయో లేదో ఒకసారి సరిచూసుకోండి.

తేదీ దగ్గర కూడా జాగ్రత్త. కోడ్‌లో తేదీ సంవత్సరం, నెల, రోజు వరుసలో ఆరు అంకెలు. 2027 మే 31 అంటే 270531. మన అలవాటు రోజు ముందు రాయడం కాబట్టి ఆపరేటర్ చేత్తో కొడితే తప్పు ఖాయం. అందుకే చేత్తో కొట్టించకూడదు. జాబ్ కార్డు (ఆ పూట ప్యాకింగ్ పని వివరాల కాగితం) మీద ఒక కోడ్ పెట్టి, దాన్ని స్కాన్ చేస్తే జీటిన్, బ్యాచ్, ఎక్స్‌పైరీ సర్వర్ నుంచి ప్రింటర్‌లోకి దిగేలా అమర్చాలి. ఈఆర్పీ (సంస్థ లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) లేని యూనిట్‌కు ఒక కంప్యూటర్, కోడింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. ప్యాకెట్ మీద కనిపించే తేదీ, కోడ్‌లోని తేదీ ఒకే ఫీల్డ్ నుంచి రావాలి, విడివిడిగా రెండు పెట్టారంటే ఏదో ఒకరోజు రెండూ రెండు మాటలు చెబుతాయి. ప్రింటర్ గడియారం అర్ధరాత్రి తేదీ మార్చేస్తుంది, మన ఉత్పత్తి రోజు మాత్రం ఉదయం ఆరింటిదాకా నడుస్తుంది. రాత్రి షిఫ్ట్‌లో ఒకే బ్యాచ్‌కు రెండు తేదీలు పడకుండా రోజు మారే సమయాన్ని ప్రింటర్‌లో సరిచేసుకోవాలి. ఎక్స్‌పైరీ దాటితే కౌంటర్ ప్యాకెట్‌ను ఆపేస్తుంది కాబట్టి, ఇదివరకు ఎవరి కంటా పడని ఈ పొరపాటు ఇకపై అమ్మకాన్నే ఆపుతుంది.

ఎమ్మార్పీని కోడ్‌లో ఎక్కడ పెట్టాలని అడుగుతుంటారు. పెట్టకండి. ఏ బ్యాచ్‌కు ఏ ఎమ్మార్పీయో పట్టిక ముందే రిటైలర్‌కు పంపితే, పాత ధర, కొత్త ధర ప్యాకెట్లు ఒకే అరలో ఉన్నా బ్యాచ్‌ను బట్టి కౌంటర్ సరైన ధర తీసుకోగలదు. ప్యాకెట్‌కో సీరియల్ నంబరు పెట్టమని కొందరు అమ్మకందార్లు ఒత్తిడి చేస్తారు. కారం పొడికి అది దండగ. నంబర్లు నిల్వ చేసే సర్వరు, ఆ సర్వరుకు ఏటా కట్టే సొమ్ము, రిజెక్ట్ అయిన ప్రతి ప్యాకెట్‌కూ లెక్క చెప్పడం అన్నీ మీ నెత్తిన పడతాయి. బ్యాచ్, ఎక్స్‌పైరీ చాలు.

తనిఖీకి రెండు వేర్వేరు పరికరాలు కావాలి, ఒకదాని పని ఇంకొకటి చేయదు. లైన్ మీద ఉండే కెమెరా ప్రతి కోడ్‌నూ చదివి, అందులోని సమాచారం జాబ్ కార్డుతో సరిపోయిందా అని చూస్తుంది. బల్ల మీద ఉండే వెరిఫయర్ ఐఎస్ఓ/ఐఈసీ 15415 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 0 నుంచి 4 దాకా గ్రేడ్ ఇస్తుంది. దుకాణానికి 1.5 కంటే తగ్గకూడదు, లైన్ మీద 2.5 దాకా వస్తుంటేనే అరుగుదలకు కాస్త వెసులుబాటు ఉంటుంది. ఫోన్ చదివింది కదా అంటే కుదరదు. ఫోన్ రెండు సెకన్లు నిదానించి, తిప్పి తిప్పి చదువుతుంది, కౌంటర్‌కు అంత ఓపిక లేదు. కెమెరాను ప్రింటర్ దాటిన వెంటనే, ఫిల్మ్ చదునుగా ఉన్నచోటే పెట్టండి. నిండిన పౌచ్ ముడతలతో కిందపడ్డాక పెడితే మంచి ప్యాకెట్లను కూడా తోసేస్తుంది. కానీ అక్కడ తప్పుగా తేలిన కోడ్ పౌచ్‌గా మారి బయటికి రావడానికి ఐదారు ప్యాకెట్ల దూరం ఉంటుంది. ఆ దూరాన్ని కంట్రోలర్ లెక్కపెట్టి సరైన ప్యాకెట్‌నే తోయాలి. పౌచ్ పొడవు మార్చిన రోజు ఈ లెక్క సరిచేయకపోతే చెడ్డది డబ్బాలోకి, పక్కనున్న మంచిది చెత్తలోకి పోతాయి. మెటలైజ్డ్ ఫిల్మ్‌కు నేరుగా కొట్టే లైటు కాక, గుండ్రటి డోమ్ లైటు వాడితే మెరుపు బాధ తగ్గుతుంది. వరసగా మూడు కోడ్‌లు చదవకపోతే మెషిన్ ఆగిపోయేలా పెట్టండి, లేకుంటే రిబ్బన్ తెగిన సంగతి అరగంట తర్వాత తెలుస్తుంది.

ప్యాకెట్ మీద ఇప్పటికే వంటల వీడియోకో పోటీకో దారితీసే క్యూఆర్ ఉంటే దాన్ని తీసేయండి. రెండు క్యూఆర్‌లు కనిపిస్తే కౌంటర్ దేన్ని చదువుతుందో చెప్పలేం, కొనేవాళ్లూ తికమకపడతారు. చూపు లేనివారికి వివరాలు అందేలా క్యూఆర్ పెట్టమని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2023 అక్టోబరులో ఇచ్చిన సలహాకు, వంటల వీడియోకు, కౌంటర్‌కు కూడా ఒకే డిజిటల్ లింక్ కోడ్ సరిపోతుంది. ఆ లింక్ వెళ్లే డొమైన్ మీ సొంత పేరున ఉండాలి. ఉచితంగా దొరికే పొట్టి లింకులు, ఏజెన్సీ పేరున ఉన్న డొమైన్‌లు వద్దు. ప్యాకెట్ షెల్ఫ్ మీద ఏడాది ఉంటుంది, ఏజెన్సీ ఒప్పందం అంతకాలం ఉంటుందన్న హామీ లేదు.

పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఎలాగూ ఆర్ట్‌వర్క్ మార్చబోయే ఒక్క సరుకుతో, ఒక్క లైన్ మీద. ఉన్న ల్యామినేట్ రోల్స్ నిల్వ ఎంతో చూసుకుని, తర్వాతి ఆర్డర్‌లో తెల్ల పట్టీ వదిలించండి. పట్టీ కోసం అన్ని సిలిండర్లూ మార్చక్కర్లేకుండా, ఏయే రంగు ఆ చోట పడుతోందో ప్రెస్‌ను అడిగి ఆ సిలిండర్లు మాత్రం మార్పించవచ్చు. పట్టీ వచ్చేలోగా బ్యాచ్ పద్ధతి, జీటిన్ పట్టిక సరిచేసుకోండి. వాటికి యంత్రం ఖర్చు లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీలు ఈ దారిలో ముందే నడిచాయి. ముడి మందుల ప్యాకింగ్‌పై 2023 జనవరి 1 నుంచి, 300 పేరున్న మందుల బ్రాండ్ల మీద అదే ఏడాది ఆగస్టు 1 నుంచి కోడ్‌లు తప్పనిసరి అయ్యాయి. ఆ లైన్ల మీద పనిచేసిన టెక్నీషియన్లు, వెరిఫయర్‌తో గ్రేడ్ చూసిపెట్టే ల్యాబులు మనకు దగ్గర్లోనే దొరుకుతాయి.

చివరగా మీ పత్రిక ద్వారా పెద్ద రిటైల్ గొలుసులకు ఒక విన్నపం. తమ కౌంటర్లు డేటామ్యాట్రిక్స్ చదువుతాయా, డిజిటల్ లింక్ క్యూఆర్ చదువుతాయా, రెండూనా, బ్యాచ్‌నూ ఎక్స్‌పైరీనీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకుంటుందా లేక జీటిన్ ఒక్కటే తీసుకుని మిగతాది వదిలేస్తుందా అన్నది సరఫరాదారులకు రాతపూర్వకంగా చెప్పాలి. 13 అంకెలకే అలవాటుపడిన సాఫ్ట్‌వేర్ ముందు 2డీ కోడ్ పెడితే ‘సరుకు లేదు’ అని వస్తోంది, ఆ తప్పు ప్యాకెట్ మీదకు నెట్టేస్తున్నారు. యూనిట్ యజమానులు కూడా వంద నమూనా ప్యాకెట్లు తీసుకుని రిటైలర్ అసలు కౌంటర్ దగ్గరే బిల్లు చేయించి చూడాలి. ఆ బిల్లులో జీటిన్, బ్యాచ్ సరిగా వచ్చాయని కాగితం చేతికొచ్చేదాకా మిగతా సరుకుల సిలిండర్లకు ఆర్డర్ ఇవ్వకండి.

ఇట్లు,
ప్యాకేజింగ్, కోడింగ్ పనుల్లో ఉన్న కొందరు ఇంజినీర్లు,
గుంటూరు